దస్తావేజులో ధర తగ్గించి రాయమంటున్నది మా సంఘ పెద్దగారే: ఏం చేయమంటారు?

గుండ్లకమ్మ_ఒడ్డు
మా నాన్నగారు 1994లో ఒంగోలు శివార్లలో కొన్న 240 గజాల ఇంటి స్థలం ఆయన పోయాక నాకూ మా చెల్లెలికీ సమానంగా వచ్చింది. దాన్ని అమ్మకానికి పెడితే గజం 22,000 చొప్పున 52,80,000 రూపాయలకు బేరం కుదిరింది. కొనేవారు పరాయివారు కారు. నేను చిన్నప్పటి నుంచి వెళ్తున్న చర్చి సంఘంలోనే పెద్ద, నా పెళ్లిలో మా తలల మీద చేయి వేసి ప్రార్థన చేసినవారిలో ఒకరు. అక్కడ ప్రభుత్వ విలువ గజానికి 12,000 మాత్రమే కాబట్టి దస్తావేజు 28,80,000కే రాయించుకుందామని, మిగిలిన 24 లక్షలు నగదుగా ఇస్తానని ఆయన అంటున్నారు. "ఊరంతా చేసేదే బాబూ, ఇందులో మనం ఎవరి నోటి దగ్గర కూడూ తీయడం లేదు" అన్నారు. ఆ నగదులోంచి ఒక లక్ష మందిరం పైకప్పుకు కృతజ్ఞత కానుకగా ఇస్తే బాగుంటుందని కూడా సూచించారు.

నేను ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెబుతాను. పోయిన నెల జక్కయ్య పాఠం చెప్పి (యేసును చూడడానికి మేడిచెట్టెక్కి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్న సుంకరి, అంటే పన్ను వసూలుదారు), పిల్లల చేత ఆ మేడిచెట్టుకు రంగులు వేయించాను. ఆ కాగితాలు ఇప్పటికీ మా ఇంటి బల్ల మీద ఉన్నాయి. పెద్దగారు వచ్చి కూర్చుని లెక్క చెబుతున్నంతసేపూ నా కళ్లు వాటి మీదే ఉన్నాయి. చెల్లెలి కూతురికి ఫిబ్రవరిలో పెళ్లి, డబ్బు అవసరం నిజమైనది. బేరం చెడితే మరొకరు ఎప్పుడు దొరుకుతారో తెలియదు. ఇలాంటి చోట నిలబడవలసి వచ్చినవారు ఏం చేశారో చెప్పండి.

మూడో_వరుస_బల్ల
చెల్లెలి కూతురి పెళ్లి ముందు చూడండి. ప్రభుత్వమే ఆ స్థలం గజం 12,000 అని నిర్ణయించినప్పుడు, ఆ ధరకు దస్తావేజు రాయడం అబద్ధం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. బైబిలు చెప్పినట్టు కైసరు, అంటే ప్రభుత్వం, అడిగినది కైసరుకు ఇస్తున్నారు. అడగనిది కూడా తీసుకెళ్లి ఇవ్వమని ఎక్కడా రాసి లేదు.

లెక్కల_పంతులు
ముప్పయ్యేళ్లు పన్నుల లెక్కలు రాసి విరమించినవాడిని కాబట్టి బైబిలు వాక్యం జోలికి పోకుండా అంకెల గురించే చెబుతాను. మూడో వరుస బల్ల గారు అన్నది సరికాదు. ప్రభుత్వ విలువ అనేది స్టాంపు సుంకానికి కనీస హద్దు మాత్రమే, అంతకన్నా ఎక్కువకు అమ్మితే అసలు ధరే రాయాలి. "ఈ మొత్తం పూర్తిగా ముట్టినది" అని దస్తావేజులో ఒక వాక్యం ఉంటుంది, దాని కింద మీరు సంతకం చేస్తారు.

ఇప్పుడు ఎవరికి ఎంత మిగులుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం. 52,80,000 మీద అది 3,96,000, 28,80,000 మీద 2,16,000. అంటే కొనేవారికి 1,80,000 మిగులుతుంది. అసలు ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఆయన 1 శాతం, అంటే 52,800, మీ పేరిట పన్నుగా మినహాయించి కట్టాలి. తగ్గించి రాస్తే ఆ బాధ్యత కూడా కనిపించకుండా పోతుంది. మీ వైపు చూస్తే, దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం కాబట్టి దాచిన 24 లక్షల మీద అన్నాచెల్లెళ్లిద్దరికీ కలిపి సుమారు 3 లక్షలు తగ్గుతుంది.

అయితే స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని 2015 నుంచి చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. అంటే మీకు తగ్గేది 3 లక్షలు, నెత్తిన పెట్టుకునేది 24 లక్షల భారం. పెద్దగారికి కూడా ఒక మాట చెప్పండి: రేపు ఆయన ఆ స్థలం అమ్మితే 28,80,000కే కొన్నట్టు లెక్క, ఈరోజు దాచిన 24 లక్షలు ఆనాడు ఆయన లాభంగా తేలి దాని మీద పన్ను ఆయనే కట్టాలి. నిజాయితీగా పన్ను తగ్గించుకునే దారి కూడా ఉంది. ఆరు నెలలలోపు, నిర్ణయించిన ప్రభుత్వ రంగ సంస్థల బాండ్లలో లాభాన్ని 50 లక్షల వరకు పెట్టి అయిదేళ్లు ఉంచితే ఆ మేరకు పన్ను ఉండదు.

ఇంతకూ అడ్వాన్సు తీసుకున్నారా, తీసుకుంటే ఎలా తీసుకున్నారు?

చర్చి_గంట
వాక్యం జోలికి పోనంటూనే పంతులుగారు ఇంత చెప్పారు. ఇక వాక్యం కూడా మొదలుపెడితే సంఘంలో సగం మంది ఆదివారం సెలవు పెట్టవలసి వస్తుంది.

నీలవేణి_నర్సు
జక్కయ్య దాకా వెళ్లనక్కరలేదు, అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయం తెరవండి. అననీయ, సప్పీరా అనే దంపతులు అమ్మి, సొమ్ములో కొంత దాచుకున్నది పొలం మీదే. అపొస్తలుడైన పేతురు సప్పీరాను అడిగిన ప్రశ్న "మీరు ఆ భూమిని ఇంతకే అమ్మితిరా" అని. ఆమె "అవును ఇంతకే" అన్నది. సబ్‌రిజిస్ట్రారు కూడా అమ్మేవారిని దాదాపు ఇదే ప్రశ్న అడుగుతారు: ఇంతకే అమ్మారా, డబ్బు ముట్టిందా అని. మా అమ్మగారి స్థలం అమ్మేటప్పుడు నేను ఆ బల్ల ముందు నిలబడి "అవునండీ" అన్నాను. వేలిముద్ర పెట్టే యంత్రం నా వేలు మూడుసార్లు తీసుకోలేదు, చెమట పట్టిందని గుమస్తా గుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు. ఇది 2019లో జరిగింది, ఈ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు ఆ గుడ్డే గుర్తుకు వస్తుంది.

మూడో_వరుస_బల్ల
సిస్టర్, మీ బాధను గౌరవిస్తూనే ఆ అధ్యాయాన్ని సరిగా చదువుదామని అంటున్నాను. అననీయ రోమా అధికారికి తప్పుడు లెక్క చెప్పలేదు. అంతా ఇచ్చేశానని సంఘం ముందు గొప్ప చూపించుకుని, కొంత దాచుకున్నాడు. పొలం నీ వశమై ఉండలేదా, నిన్ను ఎవరు అడిగారు అన్నట్టుగానే పేతురు మాట్లాడతాడు. అక్కడ దోషం వేషధారణ, పన్ను ఎగవేత కాదు. వాక్యాన్ని మనకు కావలసిన చోటికి వంచకూడదు.

నీలవేణి_నర్సు
సంఘం ముందు గొప్ప చూపించుకోవడమే దోషమైతే, లెక్కకు రాని నగదులోంచి పైకప్పుకు ఇచ్చే లక్ష రూపాయలను ఏమనాలో మీరే చెప్పండి. ఆదివారం కానుకల ప్రకటనలో పేరు చదువుతారు కదా.

మూడో_వరుస_బల్ల
ఆ లక్ష విషయంలో నేను మీతోనే ఉన్నాను. మిగిలిన 23 లక్షల విషయంలో లేను.

పాత_కాపరి
గుండ్లకమ్మ ఒడ్డు గారి ప్రశ్నకు రెండు రోజులుగా జవాబు రాద్దామని కూర్చుని లేచిపోతున్నాను, ఎందుకంటే జవాబు చెప్పే అర్హత నాకు తక్కువ. నేను కాపరిగా (పాస్టరుగా) ఉన్న రోజుల్లో మా సంఘం మందిరం కోసం రోడ్డు పక్కన పది సెంట్లు కొన్నది. అసలు ధరలో మూడో వంతుకు దస్తావేజు రాయించారు. సాక్షి సంతకాల్లో మొదటిది నాది. బయటికి వచ్చి, ఆ ఆవరణలోనే వేపచెట్టు కింద నిలబడి కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించాను. నాకు అప్పుడు ఏ మాత్రం తప్పుగా అనిపించలేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. సంఘం సొమ్ము ఆదా చేసిన సమర్థుడైన కాపరినని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

పదకొండేళ్లకు రోడ్డు వెడల్పు చేశారు. ముందు భాగం పోయింది. ఆ చుట్టుపక్కల రిజిస్టరైన దస్తావేజుల ధరలు చూసి పరిహారం లెక్కకట్టారు. ఆ దస్తావేజుల్లో మాదీ ఒకటి. చేతికి వచ్చినది చూసి సంఘమంతా గగ్గోలు పెట్టింది, ప్రభుత్వం దేవుని సొమ్ము మింగిందన్నారు. న్యాయం జరగాలని నేను ప్రసంగ వేదిక మీద నుంచే ప్రార్థించాను. ప్రార్థన మధ్యలో వెనుక బల్ల నుంచి ఒక ముసలాయన చిన్నగా దగ్గాడు. ఆ రోజు రెండో సాక్షి సంతకం ఆయనది.

పాత నిబంధనలో భూమి కొన్న ఘట్టాలు చదవండి. అబ్రాహాము మక్పేలా గుహ కొన్నప్పుడు, ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా ఎఫ్రోను చెప్పిన నాలుగు వందల తులముల వెండినే తూచి ఇచ్చాడు. అనాతోతు పొలానికి యిర్మీయా పదిహేడు తులముల వెండి తూచి, సాక్షులను పిలిచి, ముద్ర వేసిన పత్రాన్నీ వేయని పత్రాన్నీ మట్టికుండలో భద్రం చేయించాడు. పట్టణం ముట్టడిలో ఉంది, పొలం శత్రువు చేతికి పోతుందని తెలుసు, అయినా కాగితం సరిగ్గా రాయించాడు. మా వేపచెట్టు ప్రార్థనకు ముందు నేను ఆ అధ్యాయం చదివి ఉండవలసింది.

చర్చి_గంట
అయ్యగారూ, ఆ దగ్గు సంగతి చెప్పినందుకు వందనాలు. మా సంఘంలో అలా దగ్గేవారు కూడా కరువయ్యారు.

గజం_కొలత
ఒంగోలు కాదు గానీ పక్క జిల్లాలో స్థలాల మధ్యవర్తిగా పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను, విశ్వాసినే. అందరూ ఇలాగే చేస్తారు అనే మాట సగమే నిజం. వ్యాపారం సొమ్ము చేతిలో ఉన్నవారు నగదు ఇస్తామంటారు. ఉద్యోగస్థులు, ముఖ్యంగా భార్యాభర్తలిద్దరూ జీతగాళ్లైనవారు, పూర్తి ధరకే దస్తావేజు కావాలంటారు, ఎందుకంటే బ్యాంకు రుణం కాగితం మీద ఉన్న ధరను బట్టే వస్తుంది. అలాంటివారు గజానికి వెయ్యో రెండు వేలో తక్కువ అడుగుతారు, రుణం మంజూరుకు నెలా నెలన్నర పడుతుంది. కాబట్టి దారి లేదని అనుకోవద్దు, దారి ఉంది గానీ అది కొంత ఖరీదైనది. ఈసీ (స్థలం మీద ఉన్న లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), వారసత్వ ధ్రువపత్రం ముందే సిద్ధంగా ఉంచుకుంటే బ్యాంకు వకీలు తిప్పడు.

నా సంగతి కూడా చెప్పాలి. బేరం చెడకూడదని నేను ఎన్నోసార్లు రెండు వైపులా తెలుపు, నలుపు లెక్కలు కాగితం ముక్క మీద వేసి ఇచ్చాను. నా కమీషను అసలు ధర మీదే తీసుకున్నాను.

గుండ్లకమ్మ_ఒడ్డు
ఆలస్యానికి మన్నించండి. లెక్కల పంతులు గారి ప్రశ్న చూశాక రెండు రోజులు ఇటువైపు రాలేకపోయాను. అడ్వాన్సు లక్ష రూపాయలు తీసుకున్నాను, నగదుగానే. తెల్ల కాగితం మీద చీటీ రాసి ఇచ్చాను. అంటే ఈ ప్రశ్న ఇక్కడ వేసేనాటికే నేను సగం లోపలికి వెళ్లిపోయి ఉన్నాను, ఆ సంగతి మొదటి టపాలో రాయలేదు. మరచిపోయానని అనలేను.

చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు విన్నది. తరువాత "అన్నయ్యా, నీ మనస్సాక్షికి అయ్యే ఖర్చు నా వాటాలోంచి పెట్టకు" అని ఫోను పెట్టేసింది. అది కోపంతో అన్నదైనా అందులో అన్యాయం ఏమీ కనిపించడం లేదు. పెళ్లికొడుకు తరఫువారు కట్నం అడగలేదు గానీ, కల్యాణ మండపం, భోజనాలు ఆమె భుజాల మీదే ఉన్నాయి.

లెక్కల_పంతులు
ఒప్పుకున్నారు, సంతోషం. ఆ లక్షను తిరిగి ఇవ్వవలసి వస్తే నగదుగా ఇవ్వకండి. స్థిరాస్తి అడ్వాన్సు 20,000 ఆపైన ఉన్నది తిరిగి ఇచ్చేటప్పుడు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వాలని నిబంధన ఉంది. తీసుకున్నప్పటి తప్పు మాసిపోదు, రెండోది మాత్రం జరగకుండా ఉంటుంది.

నల్లరేగడి
అందరూ స్థలం దస్తావేజు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, మన ఇళ్లలో ఉన్న మరో కాగితం, కుల ధ్రువపత్రం, గురించి అడగాలని ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితమైంది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు బీసీ-సీ కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషను 1 శాతం. మా నాన్నగారు పంతం పట్టి మా ముగ్గురికీ బీసీ-సీ పత్రమే తీయించారు. నాకు రావలసిన సీటు రాలేదు. అదే సంఘంలో, అదే బల్ల మీద కూర్చునే మా పెదనాన్న పిల్లల కాగితాల్లో హిందువులని ఉంది, ఇద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, ఇద్దరూ నాకంటే ఎక్కువ కానుక వేస్తారు. 24 లక్షల కాగితం తప్పైతే ఆ కాగితం ఏమిటి?

రేపల్లె_రైలు
నల్లరేగడి గారూ, మీ నాన్నగారి పంతానికి చేతులెత్తి మొక్కుతాను గానీ రెండింటినీ ఒకే త్రాసులో వేయడానికి ఒప్పుకోను. స్థలం ధర దాచేవాడు తన దగ్గర ఉన్న సొమ్మును కాపాడుకుంటున్నాడు. మీ పెదనాన్న పిల్లలు నిలుపుకున్నది, తరతరాలుగా తమను ఊరి బయట ఉంచిన కారణం మతం మారినంత మాత్రాన మారలేదన్న నిజాన్ని. సమాధుల దొడ్డి కూడా వేరుగా ఉన్న ఊళ్లు నాకు తెలుసు. చట్టమే ఒక నిజం చెప్పాలంటే మరో నిజం వదులుకోమని అడుగుతున్నప్పుడు, ఆ పిల్లల మీద నేను రాయి వేయలేను.

నల్లరేగడి
రాయి వేయమని నేను అడగలేదు. మా పెదనాన్న పిల్లలు నా చదువుకు ఫీజులు కట్టారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. నా ఫిర్యాదల్లా ప్రసంగ వేదిక మీదే. ధర దాచినవారి గురించైనా, పత్రం గురించైనా నేను ఇరవయ్యేళ్లలో ఒక్క ప్రసంగం వినలేదు. సినిమాల గురించి, చెవిపోగుల గురించి లెక్కలేనన్ని విన్నాను.

పాత_కాపరి
నల్లరేగడి గారు చెప్పినది నిజం. ఆ ప్రసంగం చేస్తే ఎదురుగా కూర్చున్నవారిలో ఎవరెవరు తలదించుకుంటారో కాపరికి తెలుసు. వారిలో సగం మంది ఇచ్చే దశమభాగంతోనే అతని ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రేపల్లె రైలు గారు చెప్పిన తేడాను నేను ఒప్పుకుంటాను. అన్యాయమైన చట్టాన్ని మార్చమని బహిరంగంగా అడుగుతున్నవారు చాలామంది ఉన్నారు, అది కోర్టుల దాకా వెళ్లింది. ధర తగ్గించి రాసుకునే హక్కు కావాలని మాత్రం ఇంతవరకు ఎవరూ ఊరేగింపు తీయలేదు.

కువైట్_నుంచి_వచ్చాక
ధర సరిగ్గా రాయించినా పని అక్కడితో అయిపోదు, అందుకు సిద్ధపడి వెళ్లండి. నాలుగేళ్ల కిందట నేను పూర్తి ధరకే ఇల్లు కొన్నాను. డాక్యుమెంట్ రైటర్ తన రుసుముతో పాటు "ఆఫీసు ఖర్చు" అని చీటీ మీద మరో అంకె వేశాడు. అది ఎవరికని అడిగితే నా ముఖం చూసి నవ్వాడు. ఇవ్వనన్నాను. ఉదయం పదకొండుకు నా వంతు. నా వెనుక వచ్చినవారు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు, నా కాగితాల్లో మాత్రం ఒక కొర్రీ తరువాత మరో కొర్రీ పుడుతున్నది. సరిహద్దుల్లో తూర్పు పడమరలు సరిపోలేదన్నారు, అమ్మినావిడ ఇంటిపేరులో ఒక అక్షరం తేడా అన్నారు. ఆమెకు డెబ్బై ఏళ్లు. పొద్దున్నుంచీ బయట బల్ల మీద కూర్చుని ఉంది, నా సూత్రం కోసం ఆమె ఎందుకు ఎండాలని మా ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మూడున్నరకు ఆ డబ్బు ఇచ్చేశాను. నాలుగింటికల్లా సంతకాలు అయిపోయాయి.

సుంకరులకు బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పినది మీకు నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసుకోవద్దని. అది తీసుకునేవాడికి చెప్పిన మాట. ఎండలో కూర్చున్న ముసలమ్మను పక్కన పెట్టుకుని ఇచ్చేవాడు ఏం చేయాలో ఎవరైనా చెబితే వింటాను.

గజం_కొలత
ముందుగా ఇంటి దగ్గరే వివరాలు నమోదు చేసుకుని, సమయం స్లాటు తీసుకుని, సరిహద్దులు లింకు డాక్యుమెంటుతో అక్షరం అక్షరం సరిచూసుకుని వెళ్తే కొర్రీలకు చోటు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని నేను చెప్పలేను.

పిడికెడు_బియ్యం
పైకప్పుకు ఇమ్మన్న లక్ష గురించి నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. మా నాయనమ్మ స్త్రీల సమాజంలో ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్కన ఉన్న చిన్న కుండలో వేసేది. నెలాఖరుకు ఆ కుండ మందిరానికి వెళ్లేది. అయితే కొన్ని రోజులు పిడికెడు తీసేది కాదు. చిన్నతనంలో అడిగితే "ఇవి పక్కింటి బియ్యం, బదులు తెచ్చాను. నావి కానివి దేవుడికి ఎట్లా పెడతాను?" అన్నది. బదులు తీర్చాక, తన బియ్యంలోంచి ఆ మానేసిన పూటలకు కూడా కలిపి వేసేది.

ఏసును ముప్పై వెండి నాణెములకు పట్టిచ్చిన యూదా, తరువాత విసిరేసిన ఆ నాణెములను ప్రధాన యాజకులు చేతిలోకి తీసుకుని, రక్తక్రయధనం కనుక కానుక పెట్టెలో వేయతగదని అనుకున్నారు. ఏసును అప్పగించినవారే ఆ సొమ్ము ఎక్కడిదని అంత ఆలోచించారు. మన కమిటీలు రసీదు పుస్తకం అయిపోయిందా లేదా అని మాత్రమే చూస్తాయి.

చర్చి_గంట
ఆ సొమ్ముతో వారు కొన్నది కూడా స్థలమే, కుమ్మరివాని పొలం. ఎంతకు రాయించారో మాత్రం మత్తయి స్పష్టంగానే చెప్పాడు.

పాత_కాపరి
ఒంగోలు అన్నారు కాబట్టి ఒక్క మాట. 1876-78 నాటి కరువులో ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చి కూలి ఇచ్చారు. బాప్తిస్మం కావాలని వచ్చినవారిని మాత్రం సహాయం పంచుతున్నంత కాలం ఆపి ఉంచారు, అన్నం కోసం వచ్చారన్న సందేహం ఉండకూడదని. తరువాత 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనం ప్రతి ఏటా ఆ అంకెను చెప్పుకుని పొంగిపోతాము. ఆపి ఉంచిన నెలల సంగతి ఎవరూ చెప్పరు. డబ్బు లెక్కనూ విశ్వాసం లెక్కనూ కలపకుండా ఉండడానికి ఆయన ఎంత ఓపిక పట్టారో అందులో ఉంది. మీ పెద్దగారికి ఈ సంగతి నాకంటే బాగా తెలిసి ఉంటుంది, ఒంగోలు సంఘాల్లో పెరిగినవారెవరికైనా తెలుసు. ఒకసారి ఆయన ఇంటికే వెళ్లి మాట్లాడండి. సంఘంలో ఎవరికీ చెప్పకముందే వెళ్లండి.

గుండ్లకమ్మ_ఒడ్డు
వెళ్లాను. శనివారం సాయంత్రం, వాకిట్లో కుర్చీలు వేశారు. అమ్మగారు టీ తెచ్చారు. పూర్తి ధరకే దస్తావేజు రాద్దామని, లేకపోతే అడ్వాన్సు తిరిగి ఇస్తానని చెప్పాను. ఆయన కోపగించుకుంటారని అనుకున్నాను గానీ కోపగించుకోలేదు. కాసేపు సాసరులో ఒలికిన టీని చూస్తూ ఉండిపోయి, "ఆ 24 లక్షలు నా దగ్గర కాగితం లేని సొమ్ముగానే ఉన్నాయి బాబూ. పొగాకు వ్యాపారంలో అలాగే వచ్చాయి. వాటిని బ్యాంకులో వేసి నీకు ఇవ్వాలంటే నేను ముందు చాలా దూరం వెనక్కి వెళ్లాలి" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. లేచేటప్పుడు ఎప్పటిలాగే ప్రార్థన చేద్దామన్నారు, ఆ రోజు మాత్రం నన్ను చేయమన్నారు.

సోమవారం లక్ష రూపాయలు ఆయన ఖాతాకు పంపాను. నగదుగా తీసుకున్న లక్ష ఇంట్లో ఖర్చైపోయింది కాబట్టి, నా పొదుపు నుంచి పంపవలసి వచ్చింది. చీటీ వెనక్కి ఇచ్చారు.

మూడు వారాలకు, గజం కొలత గారు చెప్పినట్టే, బ్యాంకు రుణంతో కొనే ఉపాధ్యాయ దంపతులు దొరికారు. 20,500కు తెగింది, మొత్తం 49,20,000. చెల్లెలికి పాత ధర ప్రకారం 26,40,000 రావాలి. కొత్త ధరలో ఆమె వాటా 24,60,000 నేరుగా ఆమె ఖాతాకే వెళ్తుంది, తగ్గిన 1,80,000 నా వాటాలోంచి ఇస్తున్నాను. పూర్తి ధర చూపినందువల్ల ఆమెకు పెరిగే పన్ను కూడా నేనే కడతానని చెప్పాను. ఆమె ఇంకా మునుపటిలా మాట్లాడడం లేదు, పెళ్లి కార్డు నమూనా మాత్రం వాట్సాప్‌లో పంపింది, అచ్చుతప్పులు చూడమని.

లెక్కల_పంతులు
ధర 50 లక్షల లోపుకు వచ్చింది కాబట్టి ఆ 1 శాతం మినహాయింపు బెడద కొనేవారికి చట్టప్రకారమే తప్పింది. చెల్లెలికి మీరు ఇస్తున్న 1,80,000 సరిగ్గా పెద్దగారు స్టాంపుల్లో మిగుల్చుకోవాలనుకున్న మొత్తమే, గమనించారా? అన్న చెల్లెలికి ఇచ్చేదాని మీద ఆమెకు పన్ను ఉండదు. బ్యాంకు ద్వారా ఇవ్వండి. మీ వాటా లాభాన్ని బాండ్లలో పెట్టాలనుకుంటే రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఆరు నెలలు గుర్తుంచుకోండి.

నీలవేణి_నర్సు
పెద్దగారితో ఆ తరువాత ఎలా ఉంది?

గుండ్లకమ్మ_ఒడ్డు
మొన్న మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనం. మా వరుసకు పళ్లెం తెచ్చినది ఆయనే. నేను రొట్టె ముక్క తీసుకునేదాకా నా ముందు ఆగారు, మామూలుగా ఆగినంతసేపే. కానుకల ప్రకటనలో పైకప్పు నిధికి ఆయన పేరు ఈసారి చదవలేదు. ఇవ్వలేదో, పేరు వద్దన్నారో నేను అడగలేదు.

మూడో_వరుస_బల్ల
నా అభిప్రాయం పెద్దగా మారలేదు. మీ వాటాలో తగ్గినదీ చెల్లెలికి ఇచ్చినదీ కలిపి మీరు 3,60,000 ఊరికే పోగొట్టుకున్నారనే ఇప్పటికీ అనుకుంటున్నాను. రిజిస్ట్రేషన్ రోజున సాక్షి సంతకానికి మనిషి తక్కువైతే చెప్పండి, చీరాల నుంచి పొద్దున్నే బయలుదేరి వస్తాను. కొర్రీలు పెడితే సాయంత్రం దాకా కూర్చోవడానికి కూడా వీలుపడుతుంది.

కువైట్_నుంచి_వచ్చాక
మంచినీళ్ల సీసా, ఒక గొడుగు తీసుకెళ్లండి. బయట బల్ల మీద మధ్యాహ్నం దాటాక నీడ ఉండదు.